బూన్స్‌బరో: గోడ పూర్తికాని కోట

కోట అనగానే తెలుగువాళ్ళ కళ్ళ ముందు రాతి బురుజులు, కందకం, ఏనుగులు ఢీకొట్టినా చలించని సింహద్వారం మెదులుతాయి. అమెరికాలో కెంటకీ నది ఒడ్డున 1775లో మొదలైన బూన్స్‌బరో కోటలో వీటిలో ఒక్కటీ లేదు. గీసుకున్న నమూనా ప్రకారం అది సుమారు 260 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు ఉన్న ఒక వాకిలి. దాని చుట్టూ వరసగా దుంగలతో కట్టిన ఒంటి గది ఇళ్ళు. ఇళ్ళ వెనక గోడలే కోట గోడలు. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న ఖాళీల్లో కొనలు చెక్కిన దుంగలు నిలువునా పాతితే దడి. నాలుగు మూలల్లో నాలుగు బురుజుల్లాంటి రెండంతస్తుల ఇళ్ళు. ఇంటి కప్పులు వాకిలి వైపే వాలి ఉంటాయి. నిప్పంటుకుంటే లోపలి మనిషి ఎక్కి ఆర్పవచ్చు, బయటి తుపాకీకి దొరకడు.

ఈ మాత్రం కోట కూడా మూడేళ్ళదాకా పూర్తి కాలేదు. 1778 జూన్‌లో, ఈ కోటకు అడవిలో దారి కొట్టిన వేటగాడు డేనియల్ బూన్, షానీ అనే స్థానిక తెగ దగ్గర నాలుగు నెలల చెర తప్పించుకుని వచ్చేసరికి కోట దాడిని తట్టుకునే స్థితిలో లేదు. అంతకుముందే మనుషులు చచ్చారు, పిల్లలు అపహరణకు గురయ్యారు, ముట్టడులు జరిగాయి. అయినా దడి పూర్తి చేయడానికి చేతులు రాలేదు. ఎందుకు? ఆ మనుషులు అంత దూరం వచ్చింది కోట కట్టడానికి కాదు, భూమి కోసం. గొడ్డలి పట్టిన ప్రతివాడూ ముందు తన వాటా నేలలో చెట్లు కొట్టి, హద్దు గుర్తు పెట్టి, నాలుగు మొక్కజొన్న గింజలు నాటుకోవాలనుకున్నాడు. ఉమ్మడి గోడ ఎవరికీ సొంత పని కాదు. బూన్స్‌బరో చరిత్ర అర్థం కావాలంటే తుపాకుల కంటే ముందు ఈ భూమి లెక్క చూడాలి.

అప్పలాచియన్ పర్వతాలకు పడమట వలసలు పోకూడదని బ్రిటిష్ రాజు 1763లో ప్రకటన చేశాడు. కొండ దాటితే స్థానిక తెగలతో యుద్ధాలు వస్తాయి, యుద్ధాలకు ఖజానా ఖర్చవుతుంది, అదీ భయం. కానీ కాగితం మీద గీసిన గీత కొండ మీద ఎవరికీ కనబడలేదు. 1768లో ఫోర్ట్ స్టాన్‌విక్స్ దగ్గర జరిగిన ఒప్పందంలో ఒహాయో నదికి దక్షిణాన ఉన్న నేలను ఇరక్వా తెగల కూటమి బ్రిటిష్ వారికి వదిలేసింది. ఆ నేలలో ఇరక్వాలు కాపురం ఉండేవారు కాదు. అక్కడ ఏటా వేటాడేది షానీలు. వాళ్ళ సమ్మతి ఎవరూ తీసుకోలేదు. 1774లో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ చేసిన యుద్ధంలో, ఆ ఏడు అక్టోబర్ 10న పాయింట్ ప్లెజెంట్ దగ్గర, షానీ నాయకుడు కార్న్‌స్టాక్ సేనలు వెనక్కి తగ్గాయి. నదికి దక్షిణాన వేట మానుకుంటామని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. షానీలందరూ దాన్ని ఒప్పుకోలేదు.

మరుసటి ఏడే అదే నేల మరోసారి అమ్ముడుపోయింది. ఉత్తర కరొలైనాలో న్యాయమూర్తిగా పనిచేసిన రిచర్డ్ హెండర్సన్ కొందరు భాగస్తులతో ట్రాన్సిల్వేనియా కంపెనీ పెట్టాడు. లాటిన్‌లో ఆ పేరుకి 'అడవికి ఆవల' అని అర్థం. 1775 మార్చిలో సికమోర్ షోల్స్ అనే చోట చెరోకీ తెగ పెద్దలు అటకుల్లకుల్లా, ఒకొనోస్టోటాలతో బేరం కుదిరింది. పది వేల పౌండ్ల విలువ చేసే సరుకులూ కొంత సొమ్మూ ఇచ్చి, సుమారు రెండు కోట్ల ఎకరాలు తమవైపోయాయని కంపెనీ రాయించుకుంది. అటకుల్లకుల్లా కొడుకు డ్రాగింగ్ కెనూ దీన్ని గట్టిగా ఎదిరించాడు. తండ్రి సంతకం పెట్టిన చోటే కొడుకు యుద్ధం మొదలైంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అతడు తుపాకీ దించలేదు.

ఇక్కడ చిన్న భాగహారం చేస్తే కంపెనీ ఉద్దేశం బయటపడుతుంది. రెండు కోట్ల ఎకరాలకు పది వేల పౌండ్లంటే పౌండుకి రెండు వేల ఎకరాలు. అదే నేలను కంపెనీ మొదట వంద ఎకరాలు ఇరవై షిల్లింగుల చొప్పున, అంటే పౌండుకి వంద ఎకరాల లెక్కన అమ్మకానికి పెట్టింది. కొన్నది ఒక వంతు, అమ్మేది ఇరవై వంతులు. కొద్ది నెలలు తిరగకుండానే ధర వందెకరాలకు యాభై షిల్లింగులకు పెంచారు. పైగా ఏటా శిస్తు. రాజు ఈ కొనుగోలును గుర్తించలేదు, వర్జీనియా, ఉత్తర కరొలైనా గవర్నర్లిద్దరూ చెల్లదన్నారు. చట్టం ఒప్పుకోని దస్తావేజుకు బలం రావాలంటే ఒక్కటే దారి, నేల మీద మనుషులను నిలబెట్టడం. ఆక్రమించి కూర్చుంటే కాగితం దానంతట అదే వెంట వస్తుందన్న ధీమా. బూన్స్‌బరో కోట పుట్టింది ఆ అవసరంలోంచే. సైన్యం కట్టిన కోట కాదది, భూముల కంపెనీ తెరిచిన ఆఫీసు.

దారి కొట్టే పని డేనియల్ బూన్‌కి అప్పగించారు. అప్పటికే ఆ అడవుల్లో ఏళ్ళ తరబడి వేటాడిన మనిషి. 1773లో కుటుంబంతో అక్కడికి వలస వెళ్ళబోయి, దారిలో పెద్ద కొడుకు జేమ్స్‌ని దాడిలో పోగొట్టుకుని వెనుదిరిగినవాడు. ఇప్పుడు దాదాపు 30 మంది గొడ్డలివాళ్ళతో కంబర్లాండ్ కనుమ గుండా చెట్లు నరుక్కుంటూ ఉత్తరానికి నడిచాడు. ఆ బాటే తర్వాత వైల్డర్‌నెస్ రోడ్‌గా పేరు పొంది లక్షల మందిని పడమటికి చేర్చింది. మార్చి 25న తెల్లవారకముందే విడిది మీద కాల్పులు జరిగాయి. విలియం ట్విట్టీ అనే ఆయనా, ఆయన బానిస శామ్ అనే నల్లజాతి మనిషీ చనిపోయారు. బూన్ వెంటనే హెండర్సన్‌కి ఉత్తరం రాశాడు. భావం ఇది: ఆలస్యం చేయక మనుషులతో రండి, మనం ఇక్కడ ఉండగానే దేశాన్ని నిలుపుకోవాలి. ఏప్రిల్ 20న హెండర్సన్ వచ్చాడు. వచ్చే దారిలో, భయపడి వెనక్కి పోతున్న మనుషులు ఆయనకు గుంపులుగా ఎదురయ్యారు.

ఆ నేల నిర్మానుష్యమన్న మాట అప్పట్నుంచీ వినబడుతూనే ఉంది. అది నిజం కాదు. నదికి అవతల, ఇప్పటి క్లార్క్ కౌంటీలో, ఎస్కిపాకిథికి అనే షానీల ఊరు 1750ల వరకూ ఉంది. వలసదారులు రావడానికి ఇరవై ఏళ్ళ ముందు అక్కడ పొలాలు, ఇళ్ళు, వర్తకం ఉన్నాయి. ఊరు ఖాళీ అయినా వేటకు హక్కు ఖాళీ కాలేదు. షానీల దృష్టిలో, ఆ నేలను ఇరక్వాలు ఒకసారి, చెరోకీలు మరోసారి, తమది కానిదాన్ని అమ్మారు. కొన్నవాడు వచ్చి మధ్యలో దుంగలు పాతాడు.

హెండర్సన్ 1775 మే 23న కోట స్థలం దగ్గర ఒక మహా వృక్షం కింద సభ పెట్టాడు. ఎల్మ్ చెట్టు అది. దాని నీడలో వంద మంది కూర్చోవచ్చని ఆయనే మురిసిపోయి రాసుకున్నాడు. నాలుగు కొత్త ఊళ్ళ నుంచి ప్రతినిధులు వచ్చారు. తొమ్మిది చట్టాలు చేశారు. వాటిలో బూన్ ప్రతిపాదించిన ఒకటి ప్రత్యేకించి చూడాలి, వేట జంతువుల సంరక్షణకు చట్టం. ఊరు పుట్టి రెండు నెలలు కూడా నిండలేదు, అప్పుడే జంతువులను కాపాడమని చట్టం. ఉప్పు ఊటల దగ్గరకు మందలు మందలుగా వచ్చే అడవిదున్నలను ఇష్టమొచ్చినట్టు కాల్చి, కావలసిన కండ కోసుకుని మిగతాది కుళ్ళబెట్టేవారు. మాంసం కోసం 15, 20 మైళ్ళు పోవాల్సి వస్తోందని హెండర్సన్ అప్పుడే దినచర్యలో వాపోయాడు. షానీల కోపానికి కారణం వెతికేవాళ్ళు ఈ ఒక్క చట్టం చూస్తే చాలు. ఒక తెగ ఏడాది పొడుగునా తినే తిండిని కొత్తవాళ్ళు కొన్ని వారాల్లో దూరం తరిమేశారని ఆ కొత్తవాళ్ళే చట్టం రూపంలో ఒప్పుకున్నారు.

ఆ సెప్టెంబర్‌లో బూన్ భార్య రిబెకా, కూతురు జెమైమా వచ్చారు. ఆడవాళ్ళు వచ్చాకే అది విడిది నుంచి ఊరయింది. బట్ట కోసం పత్తి లేదు, అవిసె పంట ఇంకా చేతికి రాలేదు. అడవిలో దురదగొండిలా ఒంటికి తగిలితే మండే మొక్కల కాడల నుంచి నార తీసి, అడవిదున్న బొచ్చు కలిపి వడికి నేశారు. రొట్టె మొక్కజొన్నది. తాగే నీళ్ళ ఊట గోడకు బయట. ముట్టడి ముంచుకొచ్చే దాకా లోపల బావి తవ్వడం ఎవరికీ తీరలేదు. నీళ్ళ కోసం కడవ పట్టుకుని గోడ దాటిన ప్రతిసారీ అడవి వైపు ఒక కన్ను వేసి ఉంచాల్సిందే. 1776 జూలై 14న జెమైమా, అదే కోటలో ఉంటున్న రిచర్డ్ కాలవే కూతుళ్ళు బెట్సీ, ఫ్యానీ నదిలో పడవ మీద షికారుకు వెళ్తే, షానీలు, చెరోకీలు కలిసిన చిన్న గుంపు వాళ్ళను ఎత్తుకుపోయింది. పిల్లలు దారి పొడుగునా కొమ్మలు విరుస్తూ, మడమ గట్టిగా నొక్కి అడుగుల జాడ వదులుతూ నడిచారు. ఆ జాడలు పట్టుకునే బూన్ మూడో రోజున వాళ్ళను విడిపించాడు. ఈ కథలో తండ్రి వీరత్వమే ఎప్పుడూ పైకి వస్తుంది. పదమూడు నుంచి పదహారేళ్ళ ప్రాయపు పిల్లలు భయంలో కూడా చూపిన బుద్ధి లేకపోతే ఆ తండ్రికి దారే దొరికేది కాదు.

కంపెనీ కల అంతలోనే కూలడం మొదలైంది. ధర పెంచినందుకు మండిపడ్డ పొరుగు ఊరు హారడ్స్‌బర్గ్ జనం 1776లో జార్జ్ రోజర్స్ క్లార్క్‌ని వర్జీనియాకు పంపారు. క్లార్క్ ఐదు వందల పౌన్ల తుపాకిమందు సంపాదించుకొచ్చాడు. ఆ ఏడు చివర వర్జీనియా ఆ ప్రాంతాన్ని కెంటకీ కౌంటీగా ప్రకటించింది. 1778లో హెండర్సన్ కొనుగోలును రద్దు చేసి, గ్రీన్ నది దగ్గర రెండు లక్షల ఎకరాలు ఇచ్చి సరిపెట్టింది. దారి కొట్టినందుకు బూన్‌కి కంపెనీ ఇస్తానన్న రెండు వేల ఎకరాలు గాలికి పోయాయి.

1777 ఏప్రిల్ 24న కోట మీద జరిగిన దాడిలో బూన్ చీలమండకు గుండు తగిలింది. సైమన్ కెంటన్ అనే తోటివాడు ఆయన్ను భుజాన వేసుకుని లోపలికి చేర్చాడు. అప్పటికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. డెట్రాయిట్‌లోని బ్రిటిష్ అధికారి హెన్రీ హామిల్టన్ తెగలకు సరుకులు, మందుగుండు అందించాడు. కానీ ఆ చలికాలం షానీలను కదిలించింది బ్రిటిష్ సరుకు ఒక్కటే కాదు. శాంతి కోరి ఫోర్ట్ రాండాల్ఫ్‌కి వచ్చిన కార్న్‌స్టాక్‌ని 1777 నవంబర్‌లో అమెరికన్ సైనికులు కోటలోనే కాల్చి చంపారు. చర్చకు వచ్చిన పెద్దమనిషిని చంపినవాళ్ళతో ఇక చర్చ ఏమిటి?

ఇంతలో కోటలో ఉప్పు అయిపోయింది. ఉప్పు లేకపోతే వేటాడిన మాంసం నిలవ ఉండదు, చలికాలం గడవదు. 1778 జనవరిలో బూన్ సుమారు 30 మందితో బ్లూ లిక్స్ ఉప్పు ఊటలకు వెళ్ళాడు. అక్కడి నీళ్ళు పలచన. ఒక్క బుషెల్, అంటే సుమారు పాతిక కిలోల ఉప్పు దిగాలంటే 800 గ్యాలన్ల పైచిలుకు నీళ్ళు మరిగించాలి. పెద్ద పెద్ద ఇనుప కాగులు, రాత్రింబవళ్ళు ఆరని పొయ్యిలు, కొట్టినకొద్దీ చాలని కట్టెలు. ఫిబ్రవరి మొదటి వారంలో, మంచులో ఒంటరిగా వేటకు పోయిన బూన్‌ను షానీలు పట్టుకున్నారు. నాయకుడు బ్లాక్‌ఫిష్ కోట మీదికే వెళ్తున్నాడు. గోడ పూర్తికాలేదని, మగవాళ్ళలో చాలామంది ఉప్పు దగ్గరే ఉన్నారని బూన్‌కి తెలుసు. తన మనుషులను పోరాడకుండా లొంగిపొమ్మన్నాడు. వాళ్ళు లొంగిపోయారు. కోట ఆ చలికాలానికి బతికిపోయింది. దాని ధర ఆ ఉప్పు కాచేవాళ్ళు కట్టారు, కొందరు ఏళ్ళ తరబడి చెరలోనే ఉండిపోయారు.

బ్లాక్‌ఫిష్ బూన్‌ను దత్తు తీసుకుని షెల్టోవీ అని పేరు పెట్టాడు. పెద్ద తాబేలు అని అర్థం. కోట మీదికి దండు కదలబోతోందని తెలిసి జూన్ 16న బూన్ పారిపోయి, 160 మైళ్ళు నాలుగు రోజుల్లో దాటాడు. ఇంటికొచ్చి చూస్తే రిబెకా లేదు. ఆయన చచ్చిపోయాడనుకుని పిల్లలతో కరొలైనాకి వెళ్ళిపోయింది. జెమైమా ఒక్కతే ఉంది. అప్పుడు, మూడేళ్ళ తర్వాత, అందరూ కలిసి గోడ పని పట్టారు.

సెప్టెంబర్ 7న బ్లాక్‌ఫిష్ వచ్చాడు. వెంట 400 మందికి పైగా యోధులు, డెట్రాయిట్ నుంచి వచ్చిన కొద్దిమంది ఫ్రెంచి కెనడియన్లు, దుబాసీగా పాంపీ అనే నల్లజాతి మనిషి. లోపల తుపాకీ పట్టగలవాళ్ళు సుమారు 60 మంది. గోడల మీద మనుషులు ఎక్కువగా కనబడాలని ఆడవాళ్ళు మగవాళ్ళ టోపీలు, చొక్కాలు వేసుకుని తిరిగారు. రెండు రోజులు మాటలతో గడిచాయి. ఎల్మ్ చెట్టు దగ్గరే ఒప్పందం, కరచాలనం. ఆ కరచాలనంలోనే పెనుగులాట, కాల్పులు. ఎవరు ముందు మోసం చేశారన్నది ఎవరి వైపు నుంచి చెబితే వారి వైపుకి తిరుగుతుంది.

ఆ ముట్టడిలో అసలు పోరు నేల కింద జరిగింది. నది గట్టు నుంచి కోట గోడ కిందికి షానీలు సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన మట్టి నదిలో పారబోస్తే, దిగువకు నీళ్ళు ఎర్రగా బురదగా పారడం కోటవాళ్ళు చూశారు. లోపలి నుంచి అడ్డంగా మరో కందకం తవ్వారు. రెండు పక్కలవాళ్ళూ పలుగు చప్పుడు వినేంత దగ్గరయ్యారు. తవ్విన రాళ్ళు గోడ మీదుగా అవతలివాళ్ళ నెత్తిన విసిరారు, బూతులు తిట్టుకున్నారు. రాత్రిళ్ళు కాగడాలు వచ్చి కప్పుల మీద పడేవి. బూన్ తమ్ముడు స్క్వైర్ పాత తుపాకీ గొట్టాలతో పిచికారీలు చేసి కప్పుల మీద నీళ్ళు చల్లించాడు. చెక్కతో ఫిరంగి కూడా చేశాడు, అది పేలిన కాసేపటికే పగిలింది. చివరికి కోటను కాపాడింది వాన. ముట్టడి చివరి రోజుల్లో పెద్ద వాన పడి కప్పులు తడిశాయి, సొరంగం కూలింది. సెప్టెంబర్ 18న షానీలు వెళ్ళిపోయారు.

కోట లోపల చనిపోయినవాళ్ళు ఇద్దరు. ఒకరు డేవిడ్ బండ్రిన్. రెండో మనిషి పేరు లండన్, హెండర్సన్ కుటుంబపు బానిస. అవతల 37 మంది చచ్చారని, ముట్టడి తర్వాత గోడ దుంగల్లో ఇరుక్కున్నవి కాక 125 పౌన్ల సీసపు గుండ్లు ఏరామని బూన్ పేరుతో వచ్చిన కథనం చెబుతుంది. దాన్ని రాసింది బూన్ కాదు, జాన్ ఫిల్సన్ అనే భూముల మనిషి. 1784లో అచ్చువేశాడు, కెంటకీకి జనం రావాలని. కాబట్టి ఆ అంకెలను ఆచితూచి తీసుకోవాలి. సీసం లెక్క నమ్మవచ్చు, అది వాళ్ళకు మళ్ళీ పోత పోసుకునే సరుకు. చచ్చిన శత్రువుల లెక్క నమ్మడం కష్టం.

లండన్ గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పుకోవాలి. బూన్ బాటలో మొదటి కాల్పులకు బలైన ఇద్దరిలో ఒకడు శామ్, మహా ముట్టడిలో చచ్చిన ఇద్దరిలో ఒకడు లండన్. ఈ భూముల బేరంలో ఒక్క ఎకరం కూడా తమ పేరున పడే వీలులేని మనుషులు వీళ్ళు. మాంక్ అనే మరో బానిస సూరేకారం తీసి తుపాకిమందు తయారు చేసేవాడు. కోటలకు నాలుగు చెంబుల నీళ్ళెంత అవసరమో ఆ మందూ అంతే. 1782లో జరిగిన ఒక పోరులో గాయపడిన మనిషిని మైళ్ళ దూరం మోసుకొచ్చాక మాంక్‌కి స్వేచ్ఛ దొరికింది. స్వేచ్ఛకు అంత మూల్యం చెల్లించాల్సి రావడమే ఆ కాలం స్వభావం చెబుతుంది.

ముట్టడి ముగిశాక బూన్‌నే బోనెక్కించారు. ఉప్పు కాచేవాళ్ళను శత్రువుకి అప్పగించాడని రిచర్డ్ కాలవే, పొరుగు కోట నాయకుడు బెంజమిన్ లోగన్ సైనిక విచారణ జరిపించారు. నిర్దోషి అని తేలి, మేజర్ హోదా కూడా వచ్చింది. అయినా మనసు విరిగి 1779లో బూన్ ఆ ఊరు వదిలి వేరే చోట ఇళ్ళు కట్టుకున్నాడు. అదే ఏడు వర్జీనియా భూముల చట్టం వచ్చింది. 1778 జనవరి 1కి ముందే వచ్చి కాపురమున్నా, మొక్కజొన్న పండించినా 400 ఎకరాలు, పక్కనే మరో 1,000 ఎకరాలు కొనే మొదటి హక్కు. వినడానికి న్యాయంగానే ఉంది. కొలతలే లేవు. ఫలానా వాగు, ఫలానా చెట్టు, ఫలానా ఊట అని హద్దులు రాసుకున్నారు. పెంకుల్లాగా ఒక హక్కు మీద ఇంకో హక్కు పేరుకుపోయింది. కొలిపించి, నమోదు చేయించి, వకీలుని పెట్టుకోగలిగినవాడికే నేల మిగిలింది. ముట్టడిలో నిలబడ్డ చాలామందికి మిగలలేదు. వేలాది ఎకరాలకు హక్కు పెట్టుకున్న బూన్ కూడా దావాల్లో పోగొట్టుకుని, 1799లో స్పెయిన్ పాలనలో ఉన్న మిసోరికి వెళ్ళిపోయాడు. 1820 సెప్టెంబర్‌లో అక్కడే కన్నుమూశాడు. షానీలు అప్పటికే ఒహాయోలో అధిక భాగాన్ని 1795 ఒప్పందంతో వదులుకోవాల్సి వచ్చింది.

కోట కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1779లో ఊరిగా గుర్తింపు, నది దాటించే రేవుకి అనుమతి వచ్చాయి. ఆ రేవు పనిలోనే 1780 మార్చిలో కాలవే హతుడయ్యాడు. వ్యాపారం లెక్సింగ్టన్ వైపు పోయింది, వరదలు వచ్చినప్పుడల్లా పల్లపు నేల మునిగింది, దుంగలు పుచ్చిపోయాయి. ఈనాడు పర్యాటకులు చూసే కోట 1970లలో పైనున్న మిట్ట మీద కొత్తగా కట్టినది. నున్నగా చెక్కిన దుంగలు, సందులేని దడి, నాలుగు మూలలా నిండుగా బురుజులు. అసలు చోటు కింద నది పక్క పల్లంలో ఉంది. 1987లో పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ తవ్వి తొలి కోట ఆనవాళ్ళు గుర్తించారు. ఇప్పుడక్కడ ఉన్నది పచ్చిక, కొన్ని చెట్లు, అవతల బురద రంగులో పారే నది.